నిశ్శబ్దం లీటరెంత?

ఆ కారు కొన్న రోజున ఈ వ్యాసకర్త ఇంటిల్లిపాదినీ వాకిట్లోకి పిలిచి, ఇంజన్ స్టార్ట్ చేసి, "ఏదీ, ఏమన్నా వినిపిస్తోందా?" అని అడిగాడు. ఎవరికీ ఏమీ వినిపించలేదు. 1998 మోడల్ మారుతి 800, తెల్లరంగు, అప్పటికి పదమూడేళ్ల వయసు, చేతులు మారడం మూడోసారి. అయినా ఇంజన్ పాలు తాగిన పిల్లిలా ఉంది. అమ్మిపెట్టిన బ్రోకరు బేరం రోజునే పందెం కాశాడు. "బానెట్ మీద గ్లాసుతో నీళ్లు పెట్టండి సార్, ఒక్క చుక్క తొణికితే నన్నడగండి" అన్నాడు. పెట్టారు. తొణకలేదు. గ్లాసులో నీళ్లు సగానికే ఉన్నాయన్న సంగతి వ్యాసకర్తకి ఆర్నెల్ల తర్వాత ఒక అర్ధరాత్రి తట్టింది.

నెల తిరక్కుండా ఆయిల్ మార్పించడానికి బెజవాడ పటమటలో రోడ్డు పక్క షెడ్డుకి తీసుకెళ్లాడు. కుర్రాడు కారు కిందికి దూరి డ్రెయిన్ బోల్టు విప్పాడు. మామూలుగా వేడి ఇంజన్‌లోంచి ఆయిల్ జలజలా కారాలి. ఇది కారలేదు, దిగింది. అరిసెల పాకం గరిటె మీంచి దిగినట్టు తీగలు సాగుతూ, ఎవరికోసమో ఎదురుచూస్తున్నట్టు తీరిగ్గా దిగింది. కుర్రాడు బయటికొచ్చి, రెండు వేళ్ల మధ్య ఆ పాకాన్ని సాగదీసి చూసి, "సార్, ఇందులో ఎవరో మందేశారు" అన్నాడు. మందంటే ఎలాంటి మందని అడిగితే నవ్వి ఊరుకున్నాడు. కొత్త 20డబ్ల్యూ-40 ఆయిల్ పోశాడు. వ్యాసకర్త తాళం తిప్పాడు.

టకటకటకటక.

వీధి మలుపులో టైలరు తన మిషన్ తొక్కడం ఆపి, చప్పుడు తనది కాదని నిర్ధారించుకుని, మళ్లీ తొక్కడం మొదలుపెట్టాడు.

పాత కార్లమ్మేవాళ్లకి ఈ విద్య కొత్తదేం కాదు. రోల్డ్ డాల్ 1988లో రాసిన పిల్లల నవల ‘మటిల్డా’లో ఆ పాప తండ్రి పాత కార్ల వ్యాపారి. అరిగిపోయిన గేర్‌బాక్సులో రంపపు పొట్టు కూరి, చప్పుడు అణగ్గానే జనానికి అంటగడుతుంటాడు. ఇంగ్లండులో రంపపు పొట్టు, మన దగ్గర చిక్కటి పాకం. కొన్నవాడి ముఖం మాత్రం రెండుచోట్లా ఒకేలా ఉంటుంది.

ఇంటికొచ్చాక భార్య అడిగింది, "ఏవండీ, మంచి కారుని తీసుకెళ్లి ఏం చేయించుకొచ్చారు?"

ఆ చప్పుడుకి మన మెకానిక్కులు పెట్టిన పేరు టాపెట్ సౌండ్. ఇంజన్ తలకాయలో వాల్వులుంటాయి. పెట్రోలు కలిసిన గాలి లోపలికి రావడానికి ఒక తలుపు, కాలిన పొగ బయటికి పోవడానికి ఒక తలుపు. కార్బురేటర్ రోజుల మారుతి 800కి మూడు సిలిండర్లు, సిలిండరుకి రెండేసి చొప్పున ఆరు తలుపులు. వాటిని తెరవమని ఆజ్ఞ ఇచ్చేది క్యామ్‌షాఫ్ట్. ఆ ఆజ్ఞ మోసుకొచ్చేది రాకర్ ఆర్మ్ అనే డవాలా బంట్రోతు. తలుపు మూసి ఉన్నప్పుడు ఈ బంట్రోతుకీ వాల్వు కొసకీ మధ్య కాస్త ఎడం ఉండాలి. ఈ బండికి, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు, ఆ ఎడం సుమారు 0.15 మిల్లీమీటర్లు. నోటుపుస్తకంలోని రెండు కాగితాలు కలిపి పట్టుకుంటే ఇంచుమించు అంత మందం.

ఎడం దేనికంటే, రైలు పట్టాల మధ్య సందు వదిలిన కారణానికే. వేడెక్కితే ఇనుము సాగుతుంది. పొగ వెళ్లే వాల్వు 700 డిగ్రీలు దాటి కాగుతుంది. చోటు వదలకపోతే అది సాగి, రాకర్‌కి తగులుకుని, పూర్తిగా మూసుకోలేక నోరు తెరుచుకునే ఉండిపోతుంది. అందుకని సందు తప్పదు. సందున్నాక బంట్రోతు ప్రతిసారీ తలుపు తట్టకా తప్పదు. అరుగుదల వల్ల ఆ సందు పెరిగిందనుకోండి, తట్టడం కాస్తా బాదడం అవుతుంది.

లెక్క కూడా ఉంది. క్యామ్‌షాఫ్ట్ తిరిగేది ఇంజన్ వేగంలో సగం. బండి నిలబడి నిమిషానికి 900 చుట్లు తిరుగుతుంటే ఒక్కో వాల్వు తెరుచుకునేది 450 సార్లు, అంటే సెకనుకి ఏడున్నర. ఒక్క వాల్వు సందు పెరిగితే చాలు, సెకనుకి ఏడెనిమిది టకలు. బెంజి సర్కిల్ దగ్గర ఎర్రదీపం పడి ఒకటిన్నర నిమిషం ఆగితే 675. వ్యాసకర్త ఒక్కొక్కటీ విన్నాడు.

చప్పుడు చేసే కారుకి చుట్టాలు ఎక్కువ. మొదట వచ్చింది పక్కింటి రిటైర్డ్ ఇంజనీరు గారు. ఆయన పాతికేళ్లు ఆఫీసు అంబాసిడర్‌లో తిరిగిన మనిషి. అంబాసిడర్‌లో హారన్ తప్ప అన్నీ మోగుతాయన్న పాత జోకు తనే చెప్పి, తనే నవ్వి, ఆ తర్వాత తీర్పు చెప్పాడు: "ఆయిల్ పల్చబడిందయ్యా. యాభై పొయ్యి."

యాభై పోయడం అంటే 20డబ్ల్యూ-40 తీసేసి 20డబ్ల్యూ-50 పోయడం. ఈ అంకెల పద్ధతి అమెరికా ఆటోమొబైల్ ఇంజనీర్ల సంఘం ఎస్ఏఈది. 1911లోనే ఆయిళ్లని చిక్కదనం బట్టి వరసలో నిలబెట్టింది. డబ్ల్యూ అంటే వింటర్, అంటే చలికాలం. బెజవాడవాళ్లు ఆ అక్షరానికి కూడా డబ్బులు కడుతున్నారంటే అది వాళ్ల మంచితనం. రెండో అంకె ఆయిల్ 100 డిగ్రీలు కాగినప్పటిది. ఆ వేడి దగ్గర 40 రకం చిక్కదనం 12.5 నుంచి 16.3 సెంటీస్టోకుల లోపు ఉండాలి, 50 రకం 16.3 నుంచి 21.9 లోపు. అంటే చిక్కటి నలభైకీ పల్చటి యాభైకీ మధ్య గోడ ఒక్కటే. డబ్బా మీద పది అంకెలు పెరిగాయి కదా అని మురిసిపోతే, లోపల పెరిగింది పిసరంత కావచ్చు.

అయినా పోయించాడు. నిజం చెప్పాలి, చప్పుడు కాస్త తగ్గింది. చిక్కటి ఆయిల్ పొర రెండు లోహాల మధ్య పరుపులా ఉంటుంది, దెబ్బ కొంత మెత్తబడుతుంది. కానీ సందు సందులాగే ఉంది. పైగా తెల్లవారగానే చల్లటి ఇంజన్‌లో ఆ చిక్కటి సరుకు అడుగునుంచి పైకి పాకడానికి టైము పడుతుంది. అంతసేపూ క్యామ్‌షాఫ్ట్ ఒట్టి గొంతుతో అరుస్తుంది. కాబట్టి జరిగిందేమిటంటే, రోజంతా సర్దుకుని ఉన్న చప్పుడు ఒక్కసారిగా పొద్దున్నే ఐదున్నరకి, కాలనీ అంతా పడుకుని ఉండగా, మొదలయ్యేది.

ఇంకో పెద్దాయన లారీ ఆయిల్ పోయమన్నాడు. "జింకు ఎక్కువ ఉంటుంది, ఇంజనుకి బలం." ఇది పూర్తిగా కబురు కాదు. జింక్ డయాల్కైల్ డైథయోఫాస్ఫేట్ అనే పదార్థం 1940ల నుంచీ ఇంజన్ ఆయిళ్లలో ఉంది. పూర్తి పేరు పలికేలోపు ఇంజన్ చల్లారిపోతుంది గనక అందరూ జింకు అంటారు. అది లోహం మీద పల్చటి పొర కట్టి క్యామ్ అరిగిపోకుండా కాపాడుతుంది. అందులోని ఫాస్ఫరస్ పొగగొట్టంలోని కెటలిటిక్ కన్వర్టర్‌ని పాడు చేస్తుందని, 2004లో వచ్చిన ఏపీఐ ఎస్ఎం అనే ఆయిల్ ప్రమాణంలో, మామూలు పెట్రోలు కార్లకి వాడే పల్చటి గ్రేడుల్లో దాన్ని 0.08 శాతానికి కుదించారు. లారీ ఆయిళ్లలో అంతకంటే ఎక్కువే ఉంటూ వచ్చింది. అంతా నిజమే. కాకపోతే జింకు చేసేది అరుగుదల ఆపడం. అరిగినదాన్ని పూడ్చడం కాదు. పన్ను ఊడిపోయాక పళ్లపొడి మార్చినట్టు.

ఆదివారం పొద్దున బావమరిది ఫోను. అతను డెట్రాయిట్ దగ్గర ఉంటాడు. చేసేది బ్యాంకుల సాఫ్ట్‌వేరే అయినా, డెట్రాయిట్‌లో ఉన్న మనిషికి కార్ల సంగతి తెలియకుండా ఎలా ఉంటుందని కుటుంబంలో అందరి నమ్మకం. అతనూ ఆ నమ్మకాన్ని వమ్ము చేయడు. "బావగారూ, ఆయిల్ మారిస్తే ఏమొస్తుంది? ఆయిల్లో కలిపే అడిటివ్ వెయ్యాలి. ఇక్కడ గ్రోసరీ షాపులో కూడా దొరుకుతాయి."

దొరుకుతాయి నిజమే. అమెరికావాళ్లకి ఈ డబ్బాల పిచ్చి వందేళ్ల నాటిది. 1923లో పుట్టిన ఒక ఎర్రటి ఆయిల్ పేరే మార్వెల్ మిస్టరీ ఆయిల్. లోపలేముందో చెప్పకపోవడమే పేరుగా పెట్టుకుని ఇప్పటికీ అమ్ముడుపోతున్న సరుకు లోకంలో ఇంకోటి ఉంటే చెప్పండి. కార్బురేటర్లలో పేరుకునే మడ్డి కోసం మొదలైంది, పోనుపోనూ సర్వరోగనివారిణి అయింది. జర్మనీలో ఉల్మ్ పట్టణంలో 1957లో పుట్టిన లిక్వి మోలీ కంపెనీ సంగతి వేరు. మాలిబ్డినం డైసల్ఫైడ్ అనే నల్లటి పొడిని ఆయిల్లో కలిపి అమ్మడంతో అది వ్యాపారం మొదలెట్టింది. కంపెనీ పేరులోని మోలీ ఆ మాలిబ్డినమే. ఆ పొడి పలకలు పలకలుగా ఒకదాని మీద ఒకటి జారుతుంది, ఒరిపిడిని తగ్గిస్తుంది. ఇది శాస్త్రమే, గారడీ కాదు.

గారడీ కావాలంటే ఎస్‌టీపీ వారి ప్రకటన చెప్పుకోవాలి. ఆ కంపెనీ 1954లో అమెరికాలోని మిస్సోరీ రాష్ట్రంలో మొదలైంది. రేసుకార్ల ప్రపంచంలో పేరున్న ఆండీ గ్రానటెల్లి దాన్ని ఇంటింటి పేరు చేశాడు. టీవీ ప్రకటనలో స్క్రూడ్రైవర్ కొసని ఆ చిక్కటి ద్రవంలో ముంచి, రెండు వేళ్లతో పట్టుకోమనేవారు. ఎంత బలశాలైనా సరే, సర్రున జారిపోయేది. చూసినవాళ్లు నోరెళ్లబెట్టి డబ్బా కొనేవాళ్లు. కొబ్బరినూనెలో ముంచినా జారుతుందని ఎవరికీ తట్టలేదు. ఆయిల్ ఖర్చు తగ్గుతుందని చెప్పుకున్న మాటల మీద అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ కేసు పెడితే, 1978లో ఆ కంపెనీ 5 లక్షల డాలర్లు జరిమానా కట్టి, ఆ సంగతి పత్రికల్లో ప్రకటించడానికి మరో 2 లక్షల డాలర్లు ఖర్చు పెట్టింది. తన మీద పడ్డ జరిమానాని తన డబ్బుతోనే చాటింపు వేయించుకోవడం ప్రకటనల చరిత్రలో అరుదైన ఘట్టం.

తర్వాత టెఫ్లాన్ వంతు. స్లిక్ 50 అనే డబ్బాలో దోసెల పెనానికి పూసే పదార్థమే పొడిగా ఉండేది. దోసె అంటుకోకపోతే పిస్టన్ కూడా అంటుకోదని ధీమా. ఆ డబ్బా వేయని ఇంజనుకి స్టార్ట్ చేసేటప్పుడు రక్షణే ఉండదన్నట్టు చెప్పుకున్న మాటలకి ఆధారం లేదని అదే కమిషన్ 1996లో పట్టుకుంది. 1997లో రాజీ కుదిరింది.

ఇదంతా వ్యాసకర్త చదివింది డబ్బాలు కొన్న తర్వాత. ముందే చదివితే మూడు కొనేవాడు కాదు, రెండే కొనేవాడు.

మొదటి డబ్బా నల్లటిది. ఆయిల్ మూత తీసి పోశాడు, పది కిలోమీటర్లు తిప్పాడు. ఆదివారం సాయంత్రం ఏలూరు రోడ్డు మీద ట్రాఫిక్‌లో అద్దాలు దించి విన్నాడు. చప్పుడు లేదు! ఆనందంతో ఇంటికొచ్చి గేటు ముందు ఇంజన్ ఆపకుండా విన్నాడు. ఉంది. పక్కన రెండు ఆర్టీసీ బస్సులు ఉంటేనే ఆ మందు పనిచేస్తుందన్నమాట.

రెండో డబ్బా తేనెలాంటిది. మూత తీయగానే వ్యాసకర్తకి ఎక్కడో చూసినట్టు అనిపించింది. వేలితో సాగదీశాడు. అరిసెల పాకం. బ్రోకరు వేసిన మందు ఇదేనన్నమాట. అంటే తనకు అమ్మిన నిశ్శబ్దాన్నే ఇప్పుడు తనే డబ్బులిచ్చి మళ్లీ కొంటున్నాడు. ఒక క్షణం సిగ్గుపడి, సగం పోశాడు.

డబ్బా వేసిన మనిషి చెవి మామూలు చెవి కాదు. నాలుగువందల ఎనభై రూపాయలు పెట్టాక తగ్గలేదని ఒప్పుకోవడం ఎవరి వల్లా కాదు. ఆయన బానెట్ ఎత్తి, తల పక్కకి వాల్చి, కళ్లు మూసుకుని, త్యాగరాజ ఆరాధనలో మొదటి వరసలో కూర్చున్నట్టు వినేవాడు. "కొంచెం మెత్తబడింది కదూ?" అని భార్యని అడిగేవాడు. ఆవిడ వంటింట్లోంచే, కారు వైపు చూడకుండా, "చాలా తగ్గింది, అన్నం చల్లారిపోతోంది రండి" అనేది. ఇంతకంటే నిష్పక్షపాతమైన పరీక్ష ఆ ఇంట్లో జరగలేదు.

మూడో డబ్బా మూత తీసేలోపు మేనల్లుడు వచ్చాడు. చేతిలోంచి లాక్కుని వెనకవైపు సన్నక్షరాలు చదివి, "మావయ్యా, ఇది హైడ్రాలిక్ టాపెట్లకి. మీ బండికి హైడ్రాలిక్ టాపెట్లు లేవు" అన్నాడు.

బట్టతలవాడు దువ్వెన కొన్నట్టయింది. అసలు ఈ అడిటివ్‌ల గొడవంతటిలో న్యాయంగా మాట్లాడాల్సిన చోటు ఇదే. 1930లో కెడిలాక్ వాళ్లు తమ పదహారు సిలిండర్ల కారులో ఒక తెలివైన ఏర్పాటు పెట్టారు. సందుని మనిషి సర్దే పని లేకుండా, ఆయిల్ ఒత్తిడే ఒక చిన్న గుళికని ఉబ్బించి సందుని ఎప్పటికప్పుడు పూడుస్తుంది. అదే హైడ్రాలిక్ టాపెట్. ఆయిల్ వేళకి మార్చకపోతే దాని సన్నటి రంధ్రాల్లో జిగురు పేరుకుంటుంది. గుళిక ఉబ్బదు, టకటక మొదలవుతుంది. అలాంటప్పుడు జిగురుని కరిగించే అడిటివ్ వేసి నాలుగురోజులు నడిపితే చప్పుడు నిజంగానే పోవచ్చు. కొన్నిసార్లు తాజా ఆయిల్, కొత్త ఫిల్టర్ చాలు, డబ్బా కూడా అక్కర్లేదు. జబ్బు ఆయిల్ వల్ల వస్తే ఆయిలే మందు. జబ్బు ఇనుములో ఉంటే మాత్రం సీసాలో మందు ఉండదు. మారుతి 800 రాకర్ మీద ఉన్నది ఒక మర, దాన్ని బిగించే ఒక నట్టు. మరని తిప్పడానికి చెయ్యి కావాలి, ద్రవం చాలదు.

"మరి నీ బుల్లెట్‌కి వేసుకోరా" అని వ్యాసకర్త బతిమాలాడు. మేనల్లుడిది అప్పటికి కొత్త రకం ఇంజనున్న రాయల్ ఎన్‌ఫీల్డ్, దానికి హైడ్రాలిక్ టాపెట్లే. వాడు నిట్టూర్చాడు. "దీనికి సౌండే లేదు మావయ్యా, అదేగా నా బాధ. తాతయ్య బుల్లెట్‌కి ఉండేది సౌండు." ఆ పాత పోత ఇనుము ఇంజన్‌కి టాపెట్లు సర్దేవాళ్లు గేజు కూడా వాడరు. పుష్‌రాడ్డుని రెండు వేళ్లతో తిప్పితే తేలిగ్గా తిరగాలి, పైకీ కిందికీ కదిలితే మాత్రం లాభం లేదు. అంతే కొలత. ఒక తరం చప్పుడు పోగొట్టుకోవడానికి డబ్బాలు కొంటుంటే, ఇంకో తరం చప్పుడు లేదని దిగులుపడుతోంది.

చివరికి ఆటోనగర్. తాళాలు తయారుచేసేవాడి దగ్గర్నుంచి లారీకి బాడీ కట్టేవాడి దాకా ఎవరు కావాలన్నా దొరికే ఆ ఊరిలాంటి చోట, ఒక వేపచెట్టు కింద షెడ్డు. మేస్త్రికి అరవై దాటి ఉంటాయి. కథంతా చెప్పబోతే చెయ్యెత్తి ఆపాడు. పొడుగాటి స్క్రూడ్రైవర్ తీసుకుని, కొస ఇంజన్ మీద, పిడి చెవికి ఆనించి, టాపెట్ కవర్ వెంబడి ఒక్కో అంగుళం జరుపుతూ విన్నాడు. డాక్టరు వీపు మీద స్టెతస్కోపు జరిపినట్టే. తర్వాత ఎగ్జాస్ట్ వైపు పెట్టాడు. అక్కడ ప్యాకింగ్ పోయి పొగ లీకైనా అచ్చం ఇలాగే టకటకమంటుందట, ఇంజన్ వేడెక్కి ఇనుము సాగితే ఆ సందు మూసుకుని దానంతటదే ఆగుతుందట. "చాలామంది దానికి కూడా డబ్బాలేస్తారు సార్" అన్నాడు, వ్యాసకర్త ముఖం చూడకుండా. కొత్త కార్లవాళ్లయితే ఇంజెక్టర్లు చేసే టిక్కుటిక్కు విని పరిగెత్తుకొస్తారట. అది మామూలు చప్పుడే.

స్క్రూడ్రైవర్‌ని వేళ్ల మధ్య నుంచి జార్చి కోట్లు గడించినవాళ్లున్నారు. ఈయన అదే వస్తువుని గట్టిగా చెవికి పట్టుకుని నిమిషన్నరలో చెప్పాడు. "రెండో సిలిండర్, ఇన్లెట్. బండి ఇక్కడే పెట్టి వెళ్లండి. పొద్దున చల్లగా ఉన్నప్పుడు ఓపెన్ చేస్తా."

పొద్దున వెళ్లేసరికి మేస్త్రి డిప్‌స్టిక్ పట్టుకుని నిలబడ్డాడు. ఆయిల్ పై గీతని దాటి వేలెడు పైకి ఉంది. ఒకటిన్నర డబ్బాల పుణ్యం. అంత ఆయిల్ ఉంటే క్రాంక్‌షాఫ్ట్ దాన్ని కవ్వంలా చిలికి నురగ కడుతుందని, నురగలో గాలి తప్ప బలం ఉండదని, ఆ నురగే పైకెళ్తే టాపెట్ సౌండ్ ఇంకా పెరుగుతుందని చెప్పాడు. "మందు ఎక్కువైంది సార్."

ఎయిర్ ఫిల్టర్ ఊడదీశాడు. టాపెట్ కవర్ బోల్టులు విప్పి, ప్యాకింగ్ చిరగకుండా గోటితో లేపాడు. లోపల రాకర్లు వరసగా కూర్చుని ఉన్నాయి, తేనె పట్టినట్టు మెరుస్తూ. స్పార్క్ ప్లగ్గులు తీశాడు. ముందు చక్రం ఒకటి జాకీతో లేపి, టాప్ గేర్లో వేసి, "తిప్పరా" అన్నాడు. కుర్రాడు చక్రం తిప్పుతుంటే ఇంజన్ మెల్లగా తిరిగింది, వాల్వులు ఒకటొకటే కుంగి లేచాయి. మేస్త్రి చిటికెన వేలంత వెడల్పున్న ఉక్కు ఆకుల గుత్తి తీశాడు. ఫీలర్ గేజ్. ఒక్కో ఆకు మీద మందం చెక్కి ఉంటుంది. పదిహేను ఆకు ఎంచి, రాకర్ కింద దూర్చి, ముందుకీ వెనక్కీ లాగాడు. "పట్టీ పట్టనట్టు పట్టాలి సార్. కాగితం మీద చెయ్యి ఆనించి లాగితే ఎలా ఉంటదో అలాగ." చేసి చూడమని వ్యాసకర్త చేతికిచ్చాడు. నిజంగానే, వేళ్లకి తెలిసింది.

పనిచేస్తూ తను నేర్చుకున్న రోజులు చెప్పాడు. మొదట చెయ్యి పెట్టింది అంబాసిడర్ల మీద. ఎనిమిది వాల్వులు, తొమ్మిది లెక్క. ఒకటో వాల్వు పూర్తిగా తెరుచుకున్నప్పుడు ఎనిమిదోది సర్దాలి, మూడోది తెరుచుకుంటే ఆరోది, రెండు కలిపితే ఎప్పుడూ తొమ్మిదే రావాలి. ఎక్కం రానివాణ్ణి వాళ్ల గురువు టాపెట్లు ముట్టనిచ్చేవాడు కాదట.

రెండో సిలిండర్ ఇన్లెట్‌లో ముప్పై ఆకు అడ్డూ ఆపూ లేకుండా దూరింది. ఉండాల్సినదానికి రెట్టింపు. నెలల తరబడి కాలనీని లేపింది ఈ రెండు కాగితాల తేడానే. పది నంబరు స్పానర్‌తో నట్టు వదులుచేసి, మర తిప్పి, ఆకు సరిపెట్టి, మళ్లీ బిగించాడు. నాలుగు నిమిషాలు.

కానీ ఆయన ముఖం ఇంకా విప్పారలేదు. మూడో సిలిండర్ ఎగ్జాస్ట్ దగ్గర ఆగిపోయాడు. పదిహేను ఆకు దూరలేదు. పది దూరలేదు. గుత్తిలో అన్నిటికంటే పల్చటి ఐదు ఆకు కూడా లోపలికి పోలేదు. సందు లేనే లేదు.

"ఇదేం చప్పుడు చెయ్యలేదే?" అన్నాడు వ్యాసకర్త.

"ఎట్టా చేస్తది సార్, సందుంటే కదా? అరిచేవోడితో భయం లేదు. కాలిపోయేది ఈడు."

వాల్వుకి పట్టిన వేడిలో ఎక్కువ భాగం అది మూసుకుని సీటు మీద కూర్చున్న ఆ కాసేపట్లోనే హెడ్డులోకి దిగిపోతుంది. సందు లేక పూర్తిగా కూర్చోలేని వాల్వుకి చల్లారే వీలుండదు. అంచు మాడుతుంది, కంప్రెషన్ పోతుంది, ఆ తర్వాత హెడ్డు దించి వాల్వు గ్రైండింగ్, వేలల్లో ఖర్చు. గ్యాస్‌తో నడిచే ఆటోల్లో ఇది ఇంకా తొందరగా వస్తుందని మేస్త్రి చెప్పాడు. వాల్వు కూర్చునే సీటు అరిగి, వాల్వు పైకి జరిగి, సందు రోజురోజుకీ తగ్గిపోతుంది. బండి రోజురోజుకీ నిశ్శబ్దమైపోతుంది. డ్రైవరు ఇంజన్ సెట్టయిందని సంతోషిస్తుంటాడు.

అదృష్టవశాత్తు ఇక్కడ అంతదాకా రాలేదు. కంప్రెషన్ బాగానే ఉంది. సందు సర్ది, పాకమంతా దించేసి, ఫిల్టర్ మార్చి, 20డబ్ల్యూ-40 పై గీతకి ఒక వెంట్రుక కిందికి పోశాడు. స్టార్ట్ చేస్తే టకటక పోయి, చాలా సన్నగా, గోడగడియారంలాంటి చప్పుడు మిగిలింది.

"ఇంకా కొంచెం వస్తోందే?"

"రావాలి సార్" అన్నాడు మేస్త్రి, చేతులు తుడుచుకుంటూ.

కూలి నాలుగొందలు, ప్యాకింగ్ అరవై. ఆయిల్, ఫిల్టర్ ఖర్చు వేరే. మూడు డబ్బాలకీ, రెండుసార్లు మార్చిన ఆయిళ్లకీ అయింది ఎంతో భార్య దగ్గర లెక్క ఉంది, వ్యాసకర్త దగ్గర లేదు.

రెండో డబ్బాలో మిగిలిన సగం పాకాన్ని పారేయడానికి మనసొప్పక ఆయన ఇంటి గేటు బందులకి పోశాడు. దాని దుంపతెగ, అక్కడ మాత్రం బ్రహ్మాండంగా పనిచేసింది. పదేళ్లుగా కిర్రుమంటున్న గేటు ఇప్పుడు ఊపిరి తీసినంత చప్పుడు కూడా చేయడం లేదు. దాంతో పాలవాడు వచ్చింది తెలియక పాలు రెండుసార్లు పిల్లి పాలయ్యాయి. చీటీల ఆయన సరాసరి హాల్లోకి వచ్చేసి సోఫాలో కూర్చుని గొంతు సవరించుకున్నాక గానీ ఇంట్లోవాళ్లకి తెలియలేదు. అప్పటికి వ్యాసకర్త లేడని చెప్పడానికి కూడా వీల్లేకపోయింది, ఎదురుగానే ఉన్నాడు.

మూడో డబ్బా, సీలు తీయనిది, ఇప్పటికీ అటక మీద ఉంది. హైడ్రాలిక్ టాపెట్లున్న బండి గలవాళ్లు, చప్పుడు ఆయిల్ వల్లేనని మెకానిక్ తేల్చినవాళ్లు, ఎవరైనా వచ్చి ఉచితంగా తీసుకెళ్లవచ్చు. గేటు ఎలాగూ మోగదు కాబట్టి వాకిట్లో నిలబడి ఒక్క కేక వేయండి.